ఒక నియోజకవర్గము, ఇద్దరు సభ్యులు

తొలి సార్వత్రిక ఎన్నికల ప్రస్తావన వచ్చినపుడెల్ల తెలుగువారు ఒక సంగతిని సగర్వముగా చెప్పుకొనుట కద్దు. 1952లో హైదరాబాదు రాష్ట్రములోని నల్లగొండ నుండి పోటీ చేసిన శ్రీ రావి నారాయణరెడ్డిగారికి మూడు లక్షలకు పైగా వోట్లు వచ్చినవి. అవి ప్రధానమంత్రి శ్రీ జవహర్‌లాల్ నెహ్రూగారికి వచ్చిన వోట్లకంటె అధికము. దేశమున మరి యే అభ్యర్థికిని అన్ని వోట్లు రాలేదు. ఈ మాట నిజమే. కాని ఆ ఎన్నికలో నల్లగొండ నుండి లోక్‌సభకు వెళ్ళినవారు ఒకరు కారు, ఇద్దరు. రెండవవారు శ్రీ సుంకం అచ్చాలుగారు. నెహ్రూగారి నియోజకవర్గమైన అలహాబాదు తూర్పు–జౌన్‌పూరు పడమర నుండియు ఇద్దరే ఎన్నికైరి. అక్కడ రెండవవారు శ్రీ మసూరియా దీన్‌గారు. నారాయణరెడ్డిగారిని, నెహ్రూగారిని ఎరుగనివారు లేరు. తక్కిన ఇద్దరి పేర్లను మాత్రము నేడు పాత పట్టికలలో వెదకి పట్టుకొనవలసి యున్నది.

ఒకే నేల, ఒకే వోటర్ల జాబితా, ఇద్దరు సభ్యులు. ఈ ద్విసభ్య నియోజకవర్గముల ఏర్పాటు మన పార్లమెంటు చరిత్రలో రెండు సార్వత్రిక ఎన్నికలకు మాత్రమే నిలిచి, 1961లో రద్దైనది. ఏల వచ్చినది, ఎట్లు నడచినది, ఏల పోయినది అను మూడు ప్రశ్నలకు సమాధానము వెదకినచో, ఒక పార్లమెంటు ఎట్లు కూర్చబడునో, ఎట్లు తన్ను తాను దిద్దుకొనునో కొంతవరకు తెలియగలదు. ఈ కథలోని ముఖ్యఘట్టము మన విశాఖ మన్యపు అంచున జరిగినది.

మొదట లెక్క చూతము. తొలి లోక్‌సభకు వోటర్లు ఎన్నుకొన్న సభ్యులు 489 మంది. నియోజకవర్గములు 401 మాత్రమే. వీనిలో 314 నియోజకవర్గములు ఒక్కొక్క సభ్యుని, 86 నియోజకవర్గములు ఇద్దరిద్దరిని, పశ్చిమ బెంగాలులోని ఉత్తర బెంగాలు నియోజకవర్గ మొక్కటి ముగ్గురిని పంపినవి. 1957లో ఆ త్రిసభ్య నియోజకవర్గము పోయినది గాని, ద్విసభ్య నియోజకవర్గములు 91కి పెరిగినవి. అనగా రెండవ లోక్‌సభలోని 494 మంది ఎన్నికైన సభ్యులలో 182 మంది ఈ జంటలలోనివారే. ఇది ఏదో మూలనున్న చిన్న వింత కాదు. సభలో మూడవవంతునకు మించిన భాగము.

ద్విసభ్య నియోజకవర్గమును మనవారు కనిపెట్టలేదు. ఇంగ్లండులోని కామన్సు సభకు మధ్యయుగము నుండియు ఒక్కొక్క కౌంటీ ఇద్దరు నైట్లను, ఒక్కొక్క పట్టణము ఇద్దరు పౌరులను పంపుచుండెను. 1885లో అచ్చట ఏకసభ్య నియోజకవర్గము సామాన్య నియమమైనను, చివరి ద్విసభ్య నియోజకవర్గములు 1950 ఎన్నికలతో గాని అంతరింపలేదు. ఇంగ్లండు విడిచిపెట్టిన మరుసటి సంవత్సరమే మనము దానిని చేపట్టితిమి. అయితే వారి కారణము వేరు, మన కారణము వేరు. వారికది ఆచారము. మనకది ఒక చిక్కునకు సమాధానము.

ఆ చిక్కు ఏమి? 1909 సంస్కరణలలో బ్రిటిషు ప్రభుత్వము ముస్లిములకు ప్రత్యేక నియోజకవర్గములను ఏర్పరచెను. అనగా ముస్లిము సభ్యునికి ముస్లిములే వోటు వేయుట. 1919 చట్టము క్రింద చెన్నరాష్ట్రమున బ్రాహ్మణేతరులు కూడ తమకు రక్షణ కోరిరి. వారికి ప్రత్యేక జాబితా ఇయ్యక, ఒకరికంటె ఎక్కువ సభ్యులున్న నియోజకవర్గములలో 28 స్థానములను కేటాయించిరి. వోటర్లందరు కలసియే వోటు వేయుదురు, స్థానము మాత్రము ఒక వర్గమునకు భద్రమై యుండును. తీరా 1920 ఎన్నికలు జరుగగా బ్రాహ్మణేతరులు ఆ సంఖ్యకు మిక్కిలి మించి గెలిచిరి. రక్షణతో వారికి పని లేకపోయెను. అయినను ఆ యుక్తి మాత్రము చట్టము వ్రాయువారి జ్ఞాపకమున నిలిచిపోయినది.

1932లో మరల ఆ ప్రశ్న తలయెత్తినది. బ్రిటిషు ప్రధాని ప్రకటించిన నిర్ణయము అణగారిన కులములవారికి ప్రత్యేక నియోజకవర్గముల నిచ్చెను. గాంధీజీ ఎరవాడ కారాగారమున నిరాహారదీక్ష పూనిరి. సెప్టెంబరు 24వ తేదీన పూనా ఒడంబడిక కుదిరినది. ప్రత్యేక నియోజకవర్గములు పోయి, రాష్ట్ర శాసనసభలలో 148 స్థానములు, అందు చెన్నరాష్ట్రమునకు 30, ఉమ్మడి వోటర్ల చేత ఎన్నికగునట్లు కేటాయింపబడినవి. డాక్టరు అంబేద్కరు మనస్సున వెలితి మిగిలినది. ఆ వెలితి న్యాయమైనదేయని మా అభిప్రాయము. ఒక వర్గమునకు ప్రతినిధి యగువానిని ఇతర వర్గములవారి వోట్లు నిర్ణయించినచో, అతడు ఎవరికి జవాబుదారి?

రాజ్యాంగసభలో ఈ ప్రశ్నను సూటిగా అడిగినవాడు తెలుగువాడగుట మనము గుర్తింపదగినది. కర్నూలు ప్రాంతమునకు చెందిన శ్రీ ఎస్. నాగప్పగారు 1947 ఆగస్టులో ఒక సవరణ ప్రతిపాదించిరి. షెడ్యూల్డు కులములకు కేటాయించిన స్థానమునకు ఎన్నికగు అభ్యర్థి ఆ కులములవారు వేసిన వోట్లలో నూటికి కనీసము 35 పొందియుండవలెనని దాని సారాంశము. సర్దారు పటేలు ఒప్పుకొనలేదు. వోట్లను కులమువారీగా విడదీసి లెక్కించుట వెనుకటి ప్రత్యేక నియోజకవర్గములను మరియొక ద్వారమున లోనికి రానిచ్చుట యగునని అప్పటి నాయకుల భయము. నాగప్పగారు సవరణను ఉపసంహరించుకొనిరి. తుదకు రాజ్యాంగము ఒకే సాధారణ వోటర్ల జాబితాను నిర్ణయించి, షెడ్యూల్డు కులములకును తెగలకును వారి జనసంఖ్యను బట్టి లోక్‌సభలో స్థానములు కేటాయించి, ఆ కేటాయింపునకు పది సంవత్సరముల గడువు పెట్టినది.

ఇక ఆ స్థానములను ఎచ్చట పెట్టుట? గిరిజనుల విషయమున కొన్నిచోట్ల సమాధానము సులభము. వారు అధికసంఖ్యాకులుగా నున్న కొండప్రాంతములను ఏకసభ్య నియోజకవర్గములుగా విడదీసి వారికే కేటాయింపవచ్చును. హరిజనుల సంగతి అట్లు కాదు. వారు ప్రతి జిల్లాలో, ప్రతి తాలూకాలో, ప్రతి గ్రామపు చివరను కలరు. ఎచ్చటను అధికసంఖ్యాకులు కారు. ఒక నియోజకవర్గమును వారికే కేటాయించినచో, అచ్చటి తక్కిన ప్రజలు తమలోనుండి ఒకరిని నిలుపుకొను అవకాశమును కోల్పోవుదురు. ప్రక్క నియోజకవర్గమునందలి హరిజనులకు తమవాడు లేకపోవును. రెండు నియోజకవర్గములను కలిపి ఒకటిగా చేసి, ఇద్దరు సభ్యులలో ఒకరు షెడ్యూల్డు కులములవారు కావలెనన్నచో ఎవరికిని లోటు ఉండదు. ఇది కాగితముమీద చక్కని పరిష్కారము. ఇట్టి చక్కని పరిష్కారములను వోటు పెట్టె దగ్గరకు తీసికొనిపోయినపుడు ఏమగునో చూతము.

ఆనాటి రాజ్యాంగము ప్రకారము లోక్‌సభ సభ్యు లొక్కొక్కరికి ఐదు లక్షలకు తక్కువ గాని ఏడున్నర లక్షలకు ఎక్కువ గాని కాని జనము ఉండవలెను. ఏడున్నర లక్షల పైహద్దును 1952 నాటి రెండవ సవరణ తొలగించినది. ఇద్దరు సభ్యులనగా పది మొదలు పదునైదు లక్షల జనము. నాలుగైదు తాలూకాలు తిరిగి రావలసిన అభ్యర్థి పది తాలూకాలు తిరుగవలసి వచ్చెను. మోటారు, దానికి పెట్రోలు, దానిని నడుపు ధనము ఉన్నవానికి ఇది శ్రమ మాత్రమే. లేనివానికి ఇది గోడ. ఎవరికొరకు ఈ ఏర్పాటు చేయబడెనో వారిలో మోటారు ఉన్నవారు ఎందరు? కావున కేటాయింపు స్థానపు అభ్యర్థి తన జంట యగు సామాన్య అభ్యర్థి బండిలో ఎక్కి, అతని వేదికమీద నిలిచి, అతని పక్షపు జెండా క్రింద వోటడుగుట సహజమయ్యెను. గెలిచిన తరువాత కూడ ప్రజలు మొదటివానిని సభ్యుడనియు, రెండవవానిని అతని వెంట వచ్చినవాడనియు తలచిరి. ఈ వ్యాసపు మొదట చెప్పిన ఇద్దరి పేర్లు మరుగునపడుటకు ఇది ఒక కారణము కావచ్చును.

వోటు వేయు పద్ధతి ఈనాటివారికి వింతగా తోచును. 1951 అక్టోబరు 25 మొదలు 1952 ఫిబ్రవరి 21 వరకు సాగిన ఆ ఎన్నికలలో వోటర్ల సంఖ్య 17 కోట్ల 30 లక్షలు. వారిలో అత్యధికులు చదువురానివారు. తన పేరు చెప్పక ఫలానావాని భార్య, ఫలానావాని తల్లి అని మాత్రమే వ్రాయించుకొన్న స్త్రీలు సుమారు 28 లక్షలమంది పేర్లను ప్రధాన ఎన్నికల కమిషనరు శ్రీ సుకుమార్ సేన్‌గారు జాబితా నుండి తొలగింపవలసి వచ్చెను. కాగితముమీద గుర్తు పెట్టుట అప్పుడు లేదు. తెర వెనుక ఒక్కొక్క అభ్యర్థికి ఒక్కొక్క ఉక్కు పెట్టె, పెట్టెమీద అతని గుర్తు. వోటరు తనకిచ్చిన రూపాయి నోటంతటి కాగితమును తాను కోరిన పెట్టెలో వేయవలెను. అంతే.

ఏకసభ్య నియోజకవర్గమున ఇది అందరికి అర్థమయ్యెను. ద్విసభ్య నియోజకవర్గమున వోటరు చేతికి రెండు కాగితములు వచ్చినవి. రెండింటిని రెండు వేర్వేరు పెట్టెలలో వేయవలెను. ఒకే పెట్టెలో వేసినచో ఒకటి మాత్రమే చెల్లును. శాసనసభకు కూడ అప్పుడే ఎన్నిక. అది కూడ ద్విసభ్యమైనచో మరి రెండు కాగితములు. తనకు ఇష్టుడైన అభ్యర్థి ఒక్కడే యైనపుడు, రెండు వోట్లు అతనికే ఏల ఇయ్యరాదని అడిగిన పల్లెటూరివాని ప్రశ్న తెలివితక్కువది కాదు. తనకు ఇష్టములేని రెండవవానికి వోటు వేయుట యనగా, ఒక్కొక్కప్పుడు తనవాని ఓటమికి తానే సాయపడుట యగును.

బొంబాయి నగర ఉత్తర నియోజకవర్గము ఇట్టి ద్విసభ్యమే. రాజ్యాంగరచనా సంఘమునకు అధ్యక్షత వహించిన డాక్టరు అంబేద్కరు 1952లో అచ్చటి కేటాయింపు స్థానమునకు పోటీ చేసి, కాంగ్రెసు అభ్యర్థి శ్రీ నారాయణ్ కజ్రోల్కరు చేతిలో ఓడిపోయిరి. వోటర్లు రెండవ వోటును వృథా చేయునట్లు ప్రత్యర్థి పక్షమువారు బోధించిరని ఎన్నికల వివాదము కూడ నడచినది. ఉమ్మడి వోటర్ల క్రింద షెడ్యూల్డు కులముల ప్రతినిధి ఎవరు కావలెనో ఇతరులు నిర్ణయింతురని 1932లో ఆయన చెప్పిన భయము ఇరువది యేండ్లకు ఆయన యెడలనే రుజువయ్యెనని ఆయన అనుయాయులు భావించుట సహజము. ఆయన తరువాత రాజ్యసభకు ఎన్నికైరి.

కాని ఈ పద్ధతికి అంత్యఘడియ తెచ్చినది బొంబాయి ఎన్నిక కాదు. అది పార్వతీపురము.

1957 ఎన్నికలలో శ్రీకాకుళము జిల్లాలోని పార్వతీపురము ద్విసభ్య నియోజకవర్గము. ఒక స్థానము షెడ్యూల్డు తెగలకు కేటాయింపు. పోటీ చేసినవారు నలుగురు. వారిలో ఇద్దరు గిరిజనులు. కాంగ్రెసు పక్షమున సామాన్య స్థానమును ఆశించి నిలిచినవారు శ్రీ వరాహగిరి వెంకటగిరిగారు. కార్మికోద్యమ నాయకుడు, 1952లో పాతపట్నము నుండి గెలిచి కేంద్రములో కార్మికశాఖ మంత్రి యైనవారు, 1954లో బ్యాంకు ఉద్యోగుల వివాదమున ప్రభుత్వ నిర్ణయము నచ్చక పదవిని విడిచినవారు. ఆయన పోటీలో దేశమంతయు ఎరిగిన పేరు అదొక్కటే. గిరిజన అభ్యర్థులు శ్రీ బిడ్డిక సత్యనారాయణ, శ్రీ దిప్పల సూరిదొర.

వోట్లు లెక్కింపగా అందరికంటె హెచ్చుగా సత్యనారాయణగారికి వచ్చినవి. రెండవవారు సూరిదొర. గిరిగారు మూడవవారు. లక్షకు పైగా వోట్లు పొందినవారి నడుమ రెండవ మూడవ స్థానములకు తేడా కొన్ని వందలే. చట్టములోని నియమ మిది: మొదట కేటాయింపు స్థానమును పూరింపవలెను, ఆ వర్గపు అభ్యర్థులలో అధికముగ వోట్లు వచ్చినవానికి అది ఇయ్యవలెను. అటు పిమ్మట మిగిలినవారందరిలో అధికముగ వోట్లు వచ్చినవానికి రెండవ స్థానము. మొదటిది సత్యనారాయణగారికి పోయెను. మిగిలినవారిలో సూరిదొరయే మొదటివాడు. ఎన్నికల అధికారి ఆయన సామాన్య స్థానమునకు ఎన్నికైనట్లు ప్రకటించెను. రెండు స్థానములును గిరిజనులకే దక్కినవి. మాజీ కేంద్రమంత్రి ఇంటికి పోయెను.

గిరిగారు ఎన్నికల ట్రిబ్యునలుకు, అచ్చటి నుండి పై న్యాయస్థానములకు పోయిరి. వారి వాదము రెండు పాయలు. సూరిదొర నామినేషనులో తాను షెడ్యూల్డు తెగవాడనని ప్రకటించి కేటాయింపు స్థానమును కోరెను గనుక, అది దక్కనపుడు సామాన్య స్థానమునకు అతనిని లెక్కింపరాదని మొదటిది. సూరిదొర కుటుంబము తాము క్షత్రియులమని వ్రాసుకొన్నది గనుక ఆయన అసలు గిరిజనుడే కాడని రెండవది. ఈ రెండు వాదములను ప్రక్కప్రక్కన పెట్టి చూచినచో మనకు కొంత విడ్డూరముగా నుండును. ఒక వాదము ప్రకారము ఆయన గిరిజనుడగుటవలన సామాన్య స్థానమునకు తగడు. మరియొక దాని ప్రకారము గిరిజనుడు కాకపోవుటవలన పోటీకే తగడు. న్యాయవాదులు ఒకటి పోయినను ఒకటి నిలుచునని ఇట్లు వాదించుట కలదు. దానిని తప్పుపట్టుటకు వీలులేదు.

1959లో సుప్రీంకోర్టు తీర్పు వచ్చినది. న్యాయమూర్తులలో ఏకాభిప్రాయము కుదరలేదు గాని, అధికసంఖ్యాకులు గిరిగారి అప్పీలును కొట్టివేసిరి. తాను ఉన్నత కులజుడనని ఒకడు చెప్పుకొన్నంత మాత్రమున పుట్టిన తెగ వానిని విడిచిపోదని వారు తలచిరి. స్థానముల సంగతిలో వారి నిర్ణయము ఇంకను ముఖ్యమైనది. కేటాయింపు స్థానము ఒక వర్గమునకు అదనముగా ఇచ్చిన భద్రత. దానిని ఆశించినందువలన, అందరితోపాటు ఆ వర్గమువానికి నున్న సామాన్య హక్కు పోదు. సామాన్య స్థానమనగా ఇతర కులములవారికి కేటాయించిన స్థానము కాదు, ఎవరికిని కేటాయింపనిది.

ఈ చివరి మాట ఎంత సరళమో అంత లోతైనది. ఆ నాటివరకు ద్విసభ్య నియోజకవర్గములలో పోటీ చేసిన సామాన్య అభ్యర్థులు, రెండింటిలో ఒకటి వారిది, ఒకటి మాది అని తలచుచుండిరి. అది చట్టములో ఎచ్చటను లేదు. పార్వతీపురపు వోటర్లు ఒక విధముగా, సుప్రీంకోర్టు మరియొక విధముగా ఆ తలపును చెరిపివేసినవి. అంతట పార్లమెంటులో ద్విసభ్య నియోజకవర్గముల రద్దు మాట బలపడినది. ఒక సంగతి తరువాత ఒకటి వచ్చినంత మాత్రమున మొదటిది రెండవదానికి కారణమని తేల్చరాదు. నియోజకవర్గముల వైశాల్యము, వ్యయము, రెండు వోట్ల గందరగోళము అంతకు ముందునుండియు విమర్శకు గురియైనవే. కాని అవి యేడెనిమిదేండ్లుగా ఉన్న ఇబ్బందులు. పార్వతీపురము తరువాతనే అవి సహింపరాని ఇబ్బందులైనవి.

ఈ మార్పునకు రాజ్యాంగమును సవరింపవలసిన పని లేకపోయెను. ఎన్ని స్థానములు కేటాయింపవలెనో రాజ్యాంగము చెప్పినది గాని, నియోజకవర్గమునకు ఒక సభ్యుడా ఇద్దరా అను విషయమును పార్లమెంటు చేయు సాధారణ చట్టమునకు విడిచినది. కేటాయింపుల పది సంవత్సరముల గడువు మాత్రము 1960 జనవరితో తీరుచుండుటచే, 1959లో చేసిన ఎనిమిదవ సవరణ దానిని మరి పది సంవత్సరములు పొడిగించినది. ఆ పొడిగింపు అటు పిమ్మట ప్రతి దశాబ్దమునను జరుగుచు వచ్చినది. 2019లో చేసిన నూట నాలుగవ సవరణ 2030 జనవరి వరకు పొడిగించినది.

సాధారణ చట్టము చేయు తీరు మన పాఠకులు వినియే యుందురు. బిల్లును సభలో ప్రవేశపెట్టుట మొదటి పఠనము. దాని ఉద్దేశములను చర్చించి, పిదప ఒక్కొక్క ఖండమును, సవరణలను వోటునకు పెట్టుట రెండవది. మొత్తముమీద తుది సమ్మతి మూడవది. ఇది ధనబిల్లు కాదు గనుక రాజ్యసభ కూడ అంగీకరింపవలెను; కడపట రాష్ట్రపతి సమ్మతి. ద్విసభ్య నియోజకవర్గముల రద్దు బిల్లు ఈ మెట్లన్నియు ఎక్కి, 1961వ సంవత్సరపు మొదటి చట్టముగా నమోదైనది. ఇందు ఒక విశేషము గలదు. దానిమీద వోటు వేసిన లోక్‌సభ సభ్యులలో 182 మంది స్వయముగా ఆ నియోజకవర్గములనుండి వచ్చినవారే. తాము కూర్చున్న కొమ్మను తామే రెండుగా చీల్చుటకు వారు చేయెత్తవలసి వచ్చెను. చీలిన పిమ్మట ఏ సగము కేటాయింపునకు పోవునో, ఏ సభ్యునికి వోటడుగ చోటే లేకపోవునో ముందుగ తెలియదు.

ఆ నిర్ణయమును పార్లమెంటు తన చేతిలో నుంచుకొనలేదు. అది మంచి పని. ప్రతి ద్విసభ్య నియోజకవర్గమును రెండుగా విభజించి, ఏ సగమున షెడ్యూల్డు కులములవారు గాని తెగలవారు గాని జనాభాలో ఎక్కువ పాలు కలరో ఆ సగమును వారికి కేటాయించు బాధ్యతను ఎన్నికల కమిషనుకు ఒప్పగించినది. రాష్ట్ర శాసనసభల ద్విసభ్య నియోజకవర్గములకును ఇదే విధి. 1962 ఎన్నికల నాటికి పని పూర్తియైనది. 494 స్థానములు, 494 నియోజకవర్గములు. ఆ యెన్నికలలోనే పెట్టెల పద్ధతి పోయి, గుర్తులున్న కాగితముమీద ముద్ర వేయు పద్ధతి వచ్చినది.

ఇందు లాభపడినవారెవరు, నష్టపడినవారెవరు? కేటాయింపు స్థానపు సభ్యుడు ఇంకొకరి బండిలో ఎక్కవలసిన పని తప్పినది. తన నియోజకవర్గమునకు తానొక్కడే సభ్యుడు. ప్రజలు రోడ్డు కావలెనన్నను బడి కావలెనన్నను అతని గుమ్మమునకే రావలెను. ఇది గొప్ప లాభము. మసూరియా దీన్‌గారు 1957లో కూడ ఫుల్‌పూరున నెహ్రూగారి జంటగానే గెలిచిరి; 1962లో తమ సొంత నియోజకవర్గము నుండి పోటీ చేసిరి. కాని కేటాయింపు నియోజకవర్గములలో హరిజనులు అల్పసంఖ్యాకులే గనుక, గెలుపోటములను నిర్ణయించునది ఇప్పటికిని తక్కినవారి వోట్లే. నాగప్పగారు 1947లో వేసిన ప్రశ్నకు ఈ చట్టమున సమాధానము లేదు. ఇక కేటాయింపు కాని సగమున నివసించు హరిజన గిరిజనుల సంగతి యేమి? ద్విసభ్య నియోజకవర్గమున వారికి నిశ్చయముగా తమవాడొకడు ఉండెను. విభజనతో ఆ నిశ్చయము పోయినది. చట్టరీత్యా వారు సామాన్య స్థానమునకు నిలువవచ్చును; సుప్రీంకోర్టు ఆ హక్కును ఎత్తిచూపినది కూడ. కాని పక్షములు సామాన్య స్థానములలో వారిని నిలుపుట అరుదు. పార్వతీపురమున సూరిదొర గెలిచినట్లు గెలుచుటకు మార్గము మూతపడలేదు, ఇరుకైనది.

మా అభిప్రాయమున, 1961 చట్టము చేయదగినదే. పదునైదు లక్షల జనమునకు ఇద్దరు సభ్యులను కట్టిపెట్టి, ఎవరు దేనికి జవాబుదారియో తేలని ఏర్పాటు చిరకాలము నిలువదగినది కాదు. అయితే సామాన్యుడొకడు గిరిజనుని చేతిలో ఓడినపుడు గాని ఆ లోపములు పెద్దలకు కొట్టవచ్చినట్లు కనబడకపోవుట గమనింపదగినది. అంబేద్కరు ఓడినపుడు అది పద్ధతి లోపమని ఎందరు అనిరి?

అటు తరువాత నియోజకవర్గముల హద్దులు పలుమార్లు మారినవి. రాష్ట్రముల నడుమ స్థానముల పంపిణీని 1976 నాటి నలువదిరెండవ సవరణ 1971 జనాభా లెక్కలకు కట్టివేసినది. 2001లో చేసిన ఎనుబదినాల్గవ సవరణ ఆ కట్టును 2026 తరువాత జరుగు మొదటి జనాభా లెక్కల వరకు పొడిగించినది. జనసంఖ్యను అదుపుచేసిన రాష్ట్రములు అందువలన నష్టపడరాదను తలంపు దాని వెనుక కలదు. రాష్ట్రముల లోపలి హద్దులను మాత్రము 2001 లెక్కలను బట్టి సవరింపగా, 2008లో 543 స్థానములకు 84 షెడ్యూల్డు కులములకును, 47 షెడ్యూల్డు తెగలకును వచ్చినవి. 2023లో చేసిన నూట ఆరవ సవరణ స్త్రీలకు మూడవవంతు స్థానములను కేటాయించినది. ఏ నియోజకవర్గమును ఎవరికి కేటాయింపవలెను, కేటాయించిన చోట తక్కినవారి అవకాశ మేమి అను పాత ప్రశ్నయే ఆ చర్చలోను వినిపించినది.

గిరిగారు ఓడిన కొలది నెలలకే, 1957 జూనులో, ఉత్తరప్రదేశ్ గవర్నరుగా నియమితులైరి. 1967లో ఉపరాష్ట్రపతి, 1969లో రాష్ట్రపతి. ఆ 1969 ఎన్నికలో ప్రథమ ప్రాధాన్యపు వోట్లతో ఎవరికిని కావలసిన సంఖ్య రాలేదు. ద్వితీయ ప్రాధాన్యపు వోట్లను లెక్కించిన పిదపనే శ్రీ నీలం సంజీవరెడ్డిగారిపై ఆయన గెలిచిరి. వోటరు చేతిలోని రెండవ వోటు 1957లో ఆయనను లోక్‌సభకు పోనీయలేదు. వేరొక తీరు రెండవ వోటు పండ్రెండేండ్లకు రాష్ట్రపతి భవనమునకు చేర్చినది.

పార్వతీపురము 1962 నుండి షెడ్యూల్డు తెగల ఏకసభ్య నియోజకవర్గమైనది. ఆ యేట అచ్చట గెలిచినవారు శ్రీ బిడ్డిక సత్యనారాయణగారే. 2008 నాటి హద్దుల మార్పుతో ఆ పేరుగల లోక్‌సభ నియోజకవర్గము లేకుండపోయి, ఆ పట్టణము అరకు నియోజకవర్గమున చేరినది.